పొట్టోడి కూతుళ్ళు

కొలతలాయన చేత ఒక ఆవుకి తొమ్మిది వేయించుకోవడం కంటే ఆయన్ని నవ్వించడం తేలికని పాడిరైతులు అనుకునేవాళ్ళు. ఆయన నవ్వడమూ అంతంతమాత్రమే. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆయన వేసిన తొమ్మిదుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఆయనకి "పిసినారి" అని పేరు పెట్టారు. ఎదురుగా "సార్, సార్" అంటూనే, ఆయన స్కూటరు గేటు దాటగానే "హమ్మయ్య, పిసినారి వెళ్ళాడర్రా" అని ఊపిరి పీల్చుకునేవాళ్ళు. ఆయనకి ఆ సంగతి తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఆయన పని ఇది. తొలిసారి ఈనిన ఆవు దగ్గరికి వెళ్ళి, దాన్ని చదునైన నేల మీద నిలబెట్టించి, పద్దెనిమిది లక్షణాలు చూసి, ఒక్కోదానికి ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకె వేయాలి. ఎత్తెంత, ఛాతీ వెడల్పెంత, తుంటి వాలెంత, వెనక కాళ్ళు ఎలా నిలబడ్డాయి, గిట్టలు ఎలా ఉన్నాయి, అన్నిటికీ చివర పొదుగు. ఐదంటే మధ్యరకం. ఆ ఆవు తండ్రి ఎవరో ఆయనకి చెప్పరు. కాగితం మీద చెవి బిళ్ళ నంబరొక్కటే ఉంటుంది. తండ్రి ఫలానా అని తెలిస్తే చూపు అటో ఇటో మొగ్గుతుందని ఆ కట్టుబాటు. అంకెలన్నీ ఆఫీసుకి చేరాక, ఏ ఆవు ఏ ఆబోతు కూతురో అక్కడ జతచేసి చూస్తారు. కూతుళ్ళు బాగుంటే తండ్రి నిలుస్తాడు, అతని వీర్యం వందల దొడ్లకి వెళ్తుంది. బాగాలేకపోతే తండ్రిని కబేళా లారీ ఎక్కిస్తారు. ఈ లెక్క మనుషులకీ పెడితే సగం మంది మగాళ్ళు ఇప్పటికి లారీల్లోనే ఉండేవాళ్ళని ఆయన భార్య అంటూ ఉండేది.

పొదుగు చూడటానికి ఒకటే పద్ధతి. ఆవు వెనక గొంతుకూర్చోవాలి. మన కళ్ళు దాని వెనక కాలి కీలుకి సమానంగా రావాలి. పొదుగు అడుగుభాగం ఆ కీలుకి ఎంత పైన ఉంది, రెండు సగాల మధ్య గాడి ఎంత లోతుగా పడింది, బరువుని పట్టి ఉంచే లోపలి కట్టు ఎంత గట్టిది, ఇవన్నీ ఆ ఎత్తు నుంచే తెలుస్తాయి. నిలబడి వంగి చూస్తే అన్ని పొదుగులూ ఒకేలా కనిపిస్తాయి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది ఆయనే. "పేడ అంటుతుందని వంగి చూసేవాడికి ఈ ఉద్యోగమెందుకయ్యా? వెళ్ళి బట్టలకొట్లో కూర్చోమనండి" అనేవారు.

అలాంటి మనిషికి మోకాలు పోయింది.

కుడి మోకాలు రెండేళ్ళుగా సతాయిస్తూనే ఉంది. పోయినేడు ఒక దొడ్లో గొంతుకూర్చున్న మనిషి ఇక లేవలేకపోయారు. ఆవు తోక పట్టుకుని లేచారు. ఆశ్చర్యంతో కాబోలు, అది తన్నకుండా ఊరుకుంది. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, ఇక కింద కూర్చునే ముచ్చట మర్చిపోమన్నాడు. ఆఫీసులో చెబితే ఏ బల్ల దగ్గరో పడేస్తారు. అప్పటికి రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. ఈ కొద్దికాలం ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చేద్దామనుకున్నారు. మొదట్లో నడుము వంచి, తల పక్కకి వాల్చి చూసేవారు. కొన్నాళ్ళకి తల వాల్చడమూ మానేశారు. మిగతా లక్షణాలన్నీ మునుపటిలా పట్టిపట్టి కొలిచి, పొదుగు దగ్గరికి వచ్చేసరికి ఐదు వేసేవారు. మరీ వేలాడుతున్నట్టు అనిపిస్తే నాలుగు. ఐదుకి ఎవరూ అడ్డు చెప్పరు. రెండు వేస్తే రైతు గొడవపడతాడు, తొమ్మిది వేస్తే ఎందుకని ఆఫీసు అడుగుతుంది. ఐదు వేస్తే అందరూ టీ తాగి ఎవరి దారిన వాళ్ళు పోతారు.

దీనివల్ల ఎవరికీ నష్టం లేదని ఆయన నమ్మారు. నమ్మితే సుఖంగా ఉంటుంది కాబట్టి నమ్మారు.

ఆయనకి ఒక్కతే చెల్లెలు, నాలుగేళ్ళు చిన్నది. ఊరి చివర పద్దెనిమిది ఆవుల దొడ్డి నడుపుతుంది. ఆవిడ భర్తకి ఆవుల వాసన పడదు. పొద్దస్తమానం మోటార్లు బాగుచేసే షాపులో ఉంటాడు, టీలోకి పాలు కావాలన్నా భార్యని మర్యాదగా అడుగుతాడు. దొడ్డి యావత్తూ ఆవిడదే. మొట్టమొదట ఆవిడ కొన్న ఆవుకి మూడో ఈతకే పొదుగు జారిపోయింది. నడిస్తే బురద తాకేది. వాపు వచ్చింది, జ్వరం పట్టుకుంది, నాలుగు రోజులు కళ్ళముందే గిలగిల్లాడి చచ్చిపోయింది. ఆ రోజు నుంచి ఆవిడకి ఒకటే పంతం. ఆవు పొట్టిదైనా సరే, చూడ్డానికి ఎలా ఉన్నా సరే, పొదుగు మాత్రం పైకి అంటిపెట్టుకుని ఉండాలి, పది ఈతలు ఈనినా దిగకూడదు. ఇరవై రెండేళ్ళు ఆ ఒక్కదాని కోసమే ఏరుతూ వచ్చింది. ఏ పెయ్యని ఉంచాలి, ఏ పెయ్యని అమ్మాలి, ఏ ఆవుకి ఏ ఆబోతు వీర్యం వేయించాలి, ఇదే ధ్యాస. నాలుగు తరాలు గడిచాక ఆవిడ మనసులో అనుకున్న పొదుగుతో ఒక ఆవు తయారైంది. దాన్ని అందరూ పెద్దావు అనేవాళ్ళు. దాని కడుపున ఒక కోడెదూడ పుట్టింది. పొట్టిగా, బుర్ర పెద్దగా, నడకలో దర్జా అనేదే లేకుండా ఉండేది. దాన్ని చెల్లెలు "పొట్టోడు" అని పిలిచింది. తల్లి పొదుగు చూసి ఆబోతుల కేంద్రం వాళ్ళే వచ్చి వాణ్ణి తీసుకెళ్ళారు. ఆ రోజు ఆవిడ అన్నయ్యకి ఫోన్ చేసి, "అన్నయ్యా, మావాడికి ఉద్యోగం వచ్చింది" అంది.

పొట్టోడి వీర్యాన్ని పరీక్ష కోసం చుట్టుపక్కల దొడ్లకి పంచారు. కూతుళ్ళు పుట్టి, పెరిగి, ఈనడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ పొట్టోడు కేంద్రంలో తింటూ పడుకున్నాడు. చెల్లెలికి మాత్రం తిన్నది ఒంటబట్టలేదు. సొంత చెల్లెలి దొడ్డిలో ఆవుల్ని అన్నయ్య చూడకూడదని రూలుంది గానీ, పొట్టోడి కూతుళ్ళు ఎవరెవరి దొడ్లలోనో ఉన్నాయి. తాను చూస్తున్న ఆవుల్లో అవి కూడా ఉంటాయని కొలతలాయనకి తెలుసు. ఏవన్నది తెలియదు.

కేంద్రం నుంచి కాగితం వచ్చిన రోజు చెల్లెలు అన్నయ్య ఇంటికి వచ్చింది. ఆవుల్ని వదిలి ఆవిడ ఎవరింటికీ రాదు కాబట్టి వదిన కంగారుపడింది.

"ఏమైందమ్మా? అందరూ బాగున్నారా?"

"బాగున్నాం వదినా. అన్నయ్యతో చిన్న పని."

కాగితాన్ని ఆయన ముందు బల్ల మీద పెట్టింది. "చదివి చెప్పన్నయ్యా. నాకు అర్థమైంది. కానీ నువ్వు చదివితే నమ్ముతాను."

పొట్టోడు తప్పాడు. ఎత్తు తక్కువ, కాళ్ళు మామూలు, పొదుగు మధ్యరకం. ఈ నెలాఖరుకి కేంద్రం నుంచి తీసేస్తారు. కింద పద్నాలుగు కూతుళ్ళ చెవి బిళ్ళల నంబర్లు, వాటి ఎదురుగా అంకెలు. కొలతలాయన కళ్ళజోడు సర్దుకుని పొదుగు వరుస చూశారు. ఐదు, ఐదు, ఐదు, నాలుగు, ఐదు, ఐదు. చివరిదాకా అంతే. ఏ ఆబోతుకీ కూతుళ్ళందరూ ఒకే అచ్చున పుట్టరు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అలాంటి వరుస ఆయన చూడలేదు. అది ఆవుల సంగతి కాదని, తన మోకాలి సంగతని ఆయనకి అక్కడికక్కడే తెలిసిపోయింది. 

"ఆగలేక నేను రెండు మూడిటిని చూసొచ్చాను, ఎవరికీ చెప్పకు" అంది చెల్లెలు. "వాళ్ళ దొడ్ల పక్కనుంచి పోతూ, గోడ దగ్గర చెప్పు తెగినట్టు కూర్చుని చూశాను. నాకు అచ్చం తల్లి పోలికే అనిపించింది. నిజంగా మధ్యరకమేనా అన్నయ్యా?"

"మధ్యరకమంటే... అంత చెడ్డదేం కాదమ్మా" అని ఆయన నీళ్ళు నమిలారు.

చెల్లెలు తల ఊపింది. "అయితే నా కళ్ళే నన్ను మోసం చేశాయి. సొంతవాడు కదా, ఎలా ఉన్నా ముద్దొస్తాడు. ఇంకెవరైనా వేసిన అంకెలైతే వాళ్ళ ఇంటి మీదకి పోట్లాటకి పోయేదాన్ని. నువ్వు వేశావు కాబట్టి మాట్లాడకుండా ఒప్పుకుంటున్నాను." కాగితం మడతపెట్టి సంచిలో వేసుకుంది. లేస్తూ అన్నయ్య భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు మనసులో పెట్టుకోకు. తెలియకుండానే మావాణ్ణి నీ చేత్తో తప్పించాల్సొచ్చింది. నీకెంత కష్టంగా ఉంటుందో నాకు తెలియదా?"

నెలాఖరుకి ఇంకా పదకొండు రోజులున్నాయి. అప్పుడు నోరు తెరిస్తే చాలు, పొట్టోడు బతికేవాడు. ఆయన తెరవలేదు. ఇక్కడ ఆయన్ని వెనకేసుకురావడం ఎవరివల్లా కాదు. చెబితే ఒక్క పొట్టోడితో ఆగదు. ఏడాదిగా చూసిన మూడొందల ఆవుల్నీ మళ్ళీ చూడాలి. ముప్ఫై ఏళ్ళ పేరు బూడిదలో పోసినట్టే. రిటైరవడానికి ఐదు నెలల ముందు ఆఫీసులో, తాను పాఠాలు చెప్పినవాళ్ళ ముందు తల దించుకుని నిలబడాలి. రోజూ పొద్దున్నే ఆఫీసుకి చేద్దామని ఫోన్ తీసేవారు. ఫోన్ పట్టుకుని వరండాలో కుంటుకుంటూ నాలుగుసార్లు తిరిగి, మళ్ళీ జేబులో పెట్టేసేవారు.

"నొప్పి మోకాలికేనా?" అని అడిగింది భార్య.

"మోకాలికే" అన్నారాయన.

తొమ్మిదో రోజు ఇక ఉండబట్టలేక, మోకాలికి ఇంజెక్షను వేయించుకుని, ఆ పద్నాలుగింటిలో ఒక ఆవున్న దొడ్డికి వెళ్ళారు. మధ్యాహ్నం పాలు పితికే ముందు, పొదుగు నిండుగా ఉన్న వేళ చూసుకుని వెళ్ళారు. రైతు ఆవుని తెచ్చి గచ్చు మీద నిలబెట్టాడు. కొలతలాయన దాని వెనక గొంతుకూర్చోబోయారు. ఇంజెక్షను వేయించినా మోకాలు సగం వంగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఆయన చేతిలోని అట్ట పక్కన పెట్టి, ఆ పేడ నేల మీద బోర్లా పడుకున్నారు.

"సార్, సార్, అదేంటి సార్! ఉండండి, గోనెపట్టా తెస్తాను" అని రైతు పరిగెత్తాడు.

ఆయనకి వినిపించలేదు. గడ్డం నేలకి ఆనించి పైకి చూస్తున్నారు. పాలతో నిండి బరువెక్కిన పొదుగు కూడా కాలి కీలుకి జానెడు పైన నిలిచి ఉంది. వెనక భాగం తోక కిందిదాకా ఎక్కి, వెడల్పుగా ఉంది. మధ్యలో గాడి వేలితో గీసినట్టు లోతుగా, తిన్నగా పడింది. నాలుగు చన్నులూ నిటారుగా కిందికి దిగాయి. ఆవు ఒక అడుగు ముందుకు వేస్తే ఆ పొదుగు ఊగను కూడా లేదు. ఇది పదో ఈతకి కూడా బురద తాకదు. ఇరవై రెండేళ్ళ పాటు తన చెల్లెలు కళ్ళు మూసినా తెరిచినా చూసుకున్న పొదుగు ఇదే.

"తొమ్మిది" అన్నారు ఆయన, నేల మీద నుంచే.

రైతు గోనెపట్టాతో తిరిగొచ్చాడు. "అప్పుడు ఐదేశారు కద్సార్. ఇదేంటి, ఇంత మంచి దానికి ఐదేశారని నేనూ అనుకున్నాను. మన పిసినారి... అంటే, మీరు కాస్త చెయ్యి బిగబట్టి వేస్తారు కదా అని ఊరుకున్నాను."

కొలతలాయన రెండు చేతుల మధ్య మొహం పెట్టుకుని అక్కడే ఏడ్చారు. ఆ రైతు ఏం చేయాలో తోచక, గోనెపట్టా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అక్కణ్ణించి తిన్నగా ఆఫీసుకే వెళ్ళారు, చొక్కా కూడా మార్చుకోకుండా. అక్కడి ఆఫీసరమ్మ ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నదే. కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. "పదమూడు నెలలుగా పొదుగు చూడకుండా అంకె వేశానమ్మా" అని మొదలుపెట్టి, మోకాలి సంగతీ ఐదుల సంగతీ పొట్టోడి సంగతీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశారు.  ఆవిడ కంప్యూటర్లో వెతికింది.

"సార్, ఆ ఆబోతు లేదు. సోమవారం పంపేశారు."

"నెలాఖరుకి కదమ్మా!"

"లారీ ఖాళీగా దొరికిందని తప్పిన నాలుగిటినీ ఒకేసారి పంపేశారు సార్. వాటి వీర్యం నిల్వ కూడా పారబోశారు. కొత్తవాటికి చోటు కావాలని." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇదంతా నేను పైకి రాయాలి సార్. రాయకుండా ఉండలేను."

"రాయమ్మా. సంతకం నేనే పెడతాను" అన్నారాయన.

మర్నాడు పొద్దెక్కాక చెల్లెలి దొడ్డికి వెళ్ళారు. ఆవిడ కొట్టంలో నీళ్ళ గొట్టం పట్టుకుని గచ్చు కడుగుతోంది. అన్నయ్యని చూసి నవ్వింది. ఆయన నవ్వలేదు. తలుపు దగ్గర మొదటి మూడు స్థలాలు ఖాళీగా ఉన్నాయి. అక్కడ మేత కూడా వేయలేదు.

"పెద్దావేది చిట్టీ?"

"అమ్మేశానన్నయ్యా. దాన్నీ, దాని ఇద్దరు కూతుళ్ళనీ. శనివారం వచ్చి తోలుకెళ్ళారు." గొట్టం కట్టేసి కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ తప్పుదారిలో పోయానని తెలిశాక ఇంకా పట్టుకు వేలాడటం దేనికి? నీ అంకెల్లో బాగా వచ్చిన ఆ పొడుగు ఆబోతు ఉంది చూడు, వాడి కూతుళ్ళని రెంటిని తెచ్చుకుంటాను. కళ్ళు చెప్పింది వినడం మానేసి, ఇకనైనా కాగితం చెప్పింది వినాలి."

"ఎవరికి అమ్మావు?"

"బేరగాడికి. ఎక్కడికి తోలుకెళ్తావని అడగలేదు. అడిగితే ఇవ్వలేనని భయం. తొమ్మిదో ఈత దాటిన ఆవుని ఎవరు సాకుతారన్నయ్యా? తెలిసి తెలిసీ అడగడమెందుకు?"

కొలతలాయన గోడకి చెయ్యి ఆనించారు. 

"నేను చూడలేదు చిట్టీ" అన్నారు. "పొట్టోడి కూతుళ్ళ పొదుగులు నేను చూడనే లేదు. ఎవరి పొదుగూ చూడలేదు. ఏడాదిగా కింద కూర్చోలేకపోతున్నాను. నిలబడి ఐదు వేసి వచ్చేశాను. నిన్న ఒకదాన్ని నేల మీద పడుకుని చూశాను. తొమ్మిది. పద్దెనిమిదేళ్ళుగా, ఇరవయ్యేళ్ళుగా అలాంటిది చూడలేదు."

ఆవిడ కదల్లేదు. "పొట్టోడో?"

"సోమవారమే తీసుకెళ్ళిపోయారు. నేను ఆలస్యంగా వెళ్ళాను."

"నేను కాగితం పట్టుకుని మీ ఇంటికొచ్చిన రోజు నీకు తెలుసా?"

అబద్ధం ఆడొచ్చు. ఆవిడ నమ్మేది కూడా. "తెలుసు" అన్నారాయన.

చెల్లెలు ఆ ఖాళీ స్థలాల వైపు తిరిగింది. 

"అంటే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అంది.

అప్పుడు ఏడుపు వచ్చింది ఆవిడకి. పొట్టోడు తప్పాడన్నప్పుడు ఏడవలేదు, పెద్దావుని తోలుకెళ్తుంటే ఏడవలేదు. పొరపాటు తనదే అనుకున్నంతకాలం ఎలాగో గుండె దిటవు చేసుకుంది. ఇప్పుడు తాను చూసిందే నిజమని తెలిసేసరికి ఆ ధైర్యం కూడా నిలవలేదు. తడి గచ్చు మీద కూలబడి, చిన్నపిల్లలా బిగ్గరగా ఏడ్చింది. ఆయన పక్కన కూర్చుందామన్నా కూర్చోలేరు. నిలబడే చూశారు.

"తిట్టు చిట్టీ. నాలుగు తిట్టు."

"తిడితే వస్తాయా?"

"ఆ పద్నాలుగు ఆవులూ ఉన్నాయిగా. కాళ్ళు పట్టుకునైనా ఒకదాన్ని అడిగి తెస్తాను."

"వాటిలో నాది సగమే కదన్నయ్యా. మిగతా సగం ఇక్కడుండేది." మూడు స్థలాల వైపు చెయ్యి చూపించింది. "అక్కడికి రావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. నాకు యాభై ఐదొచ్చాయి. మళ్ళీ మొదలుపెట్టి ఎప్పటికి చూస్తాను?"

 కాసేపటికి ఆవిడే లేచింది. మొహం కడుక్కుంది.

"రా, భోజనం చేద్దువుగాని."

"వద్దమ్మా. వెళ్తాను."

"తినకుండా పంపితే రేపు వదినకి ఏం చెప్పను? రా."

వంటింట్లో బల్ల దగ్గర కూర్చోబెట్టి వడ్డించింది. వేడిగా ఉంది చూసుకోమంది, నీళ్ళు దగ్గరగా జరిపింది.  ఆయన తిన్నారు, వద్దనే హక్కు తనకి లేదనిపించి. కంచం ఖాళీ అయ్యాక ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"అన్నయ్యా, ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు ఇంటికి రా. ఇది నీ ఇల్లే. దొడ్డి వైపు మాత్రం ఇంక రాకు."

"రాను" అన్నారాయన.

పాలు పితికే వేళయింది. ఆవిడ రబ్బరు బూట్లు తొడుక్కుని పెరటి తలుపు తీసింది. బయటికి వెళ్ళి, తలుపు తన వెనకే దగ్గరగా వేసేసింది. కొలతలాయన బల్ల దగ్గరే ఉండిపోయారు. కొట్టంలో బకెట్ల చప్పుడైంది. పాల మిషను మొదలైంది. చెల్లెలు రోజూ ఆవుల్ని ఒక వరుసలో పిలుస్తుంది. ఇవాళా పిలిచింది.

"రావే పెద్దదానా" అంది, అలవాటు కొద్దీ.

కాసేపు మిషను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తర్వాత నాలుగోదాన్ని పిలిచింది.